జుట్టు దగ్గరే చిక్కు

ఫోటోలోంచి మనిషిని కత్తిరించి తీయడం ఇప్పుడు అందరికీ వచ్చిన విద్య. 2022లో ఐఓఎస్ 16 వచ్చినప్పటి నుంచి ఐఫోన్‌లో బొమ్మ మీద వేలు కాసేపు అదిమి పెడితే చాలు. మనిషి చుట్టూ ఒక మెరుపు గీత తిరుగుతుంది. వెనకున్న గోడ, చెట్టు, ఎవరిదో స్కూటీ అన్నీ అక్కడే ఉండిపోయి, మనిషొక్కడే వేలికి అంటుకుని పైకి వచ్చేస్తాడు. తీసుకెళ్ళి వాట్సాప్‌లో స్టిక్కర్‌గా అతికించుకోవచ్చు. పదిహేనేళ్ళ కిందట ఇదే పనికి ఫోటోషాప్‌లో పెన్ టూల్ పట్టుకుని, చుక్క తరవాత చుక్క పెట్టుకుంటూ, భుజం దగ్గర వంపు తిప్పుకుంటూ పోవాల్సి వచ్చేది. చొక్కా వరకూ హాయి. చెవి దాటి జుట్టులోకి రాగానే చెయ్యి ఆగిపోయేది.

చెయ్యి ఆగిపోయిన ఆ చోటులోనే అసలు విషయం ఉందని నాకనిపిస్తుంది. ఫోటోల గురించి మనం రాసేటప్పుడు కళ్ళ గురించి రాస్తాం, వెలుతురు గురించి రాస్తాం, ఫ్రేమింగ్ గురించి రాస్తాం. బొమ్మలో మనిషి ఎక్కడ అయిపోతున్నాడు, వెనకాలది ఎక్కడ మొదలవుతోంది, ఆ గీత ఎవరు గీశారు అన్నది మాత్రం టెక్నీషియన్ల గొడవ అనుకుని వదిలేస్తాం. నా మటుకు నాకు అది విమర్శకుల గొడవే.

కొంచెం లెక్క చెప్పుకోవాలి, ఓపిక పట్టండి. డిజిటల్ ఫోటో అంటే చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడికి ఒక్కటే రంగు. వెంట్రుక చాలాసార్లు ఆ గడికన్నా సన్నంగా ఉంటుంది. ఒక గడిలో పావు వంతు వెంట్రుక, ముప్పావు వంతు వెనకాల గోడ పడ్డాయనుకోండి. కెమెరా ఆ రెంటినీ విడివిడిగా రాసుకోదు, కలిపేసి ఒకే రంగు రాస్తుంది. నల్ల జుట్టు, పసుపు గోడ అయితే అక్కడ నలుపూ ఉండదు, పసుపూ ఉండదు, మట్టిరంగు లాంటిదేదో ఉంటుంది. ఆ మట్టిరంగు మనిషిదా, గోడదా? ఇద్దరిదీ. ఆ మనిషిని తీసుకెళ్ళి నీలాకాశం ముందు పెడితే జుట్టుతోపాటు గోడ కూడా కొంచెం వెంట వస్తుంది. చవక ఫ్లెక్సీల్లో నాయకుడి తల చుట్టూ దేవుడి పటంలో లాగా ఒక వెలుగు కనిపిస్తుంది చూడండి, అది ఆయన మహిమ కాదు. పాత గోడ.

ఇంజనీర్లు ఈ పనిని మ్యాటింగ్ అంటారు. గడిలో మనిషి వాటా ఎంతో చెప్పే అంకెని ఆల్ఫా అంటారు. ఆ పేరు 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ పెట్టింది. ఇప్పుడు లెక్క చూడండి. గడి గురించి మనకి తెలిసినవి మూడు అంకెలు: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. తెలియనివి ఏడు: మనిషి అసలు రంగుకి మూడు, వెనకాలి దాని అసలు రంగుకి మూడు, ఆల్ఫా ఒకటి. సమీకరణాలు మూడే. హైస్కూలు లెక్కల మాస్టారికి చూపించినా "ప్రశ్నలో ఇంకేదో ఇవ్వడం మర్చిపోయారు" అంటారు. జవాబు లేక కాదు, జవాబులు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి.

మన పెద్దలు వివేకం ఉన్నవాణ్ణి హంసతో పోల్చారు. పాలూ నీళ్ళూ కలిపి పోస్తే పాలు తాగి నీళ్ళు వదిలేస్తుందట. నీరక్షీర వివేకం అని దానికో పేరు. విమర్శ గురించి మాట్లాడేటప్పుడు ఈ హంసని ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. జుట్టు దగ్గర మనం చేస్తున్నది సరిగ్గా ఆ హంస పనే. లెక్క చెప్పేదేమిటంటే, ఒకే ఒక్క గిన్నె ముందు పెట్టి, ఇందులో పాలెన్ని అని అడిగితే హంస కూడా ఊహించాల్సిందే.

పాత పద్ధతుల్లో ఆ ఊహ పైకి కనపడేది. ట్రైమ్యాప్ అని ఒకటుంది. బొమ్మ మీద మూడు రంగులు పూస్తారు. ఇది కచ్చితంగా మనిషి అనుకున్నచోట తెలుపు, ఇది కచ్చితంగా మనిషి కాదు అనుకున్నచోట నలుపు, మధ్యలో బూడిద రంగు. బూడిద రంగుకి అర్థం "ఇక్కడ నాకు తెలీదు". జుట్టంతా బూడిద రంగే. 2007లో ఫోటోషాప్ సీఎస్3తో వచ్చిన రిఫైన్ ఎడ్జ్‌లో రేడియస్ అని ఒక స్లైడర్ ఉండేది, దాన్ని జరపడమంటే కూడా "తెలియని చోటు ఇంత వెడల్పు" అని చెప్పడమే. 2018 మొదట్లో ఫోటోషాప్‌లోకి సెలెక్ట్ సబ్జెక్ట్ అనే బటన్ వచ్చింది. అదే ఏడాది చివర్లో రిమూవ్ డాట్ బీజీ వచ్చింది. వీటిని తిట్టడం నా ఉద్దేశం కాదు, రోజూ వాడతాను. లెక్కలేనన్ని బొమ్మలు చూసి నేర్చుకున్న మోడల్ కాబట్టి చాలాసార్లు నాకన్నా బాగా ఊహిస్తుంది. కానీ ఊహిస్తోందన్న సంగతి ఇప్పుడు కనపడదు. తెలియనిది తెలియనట్టే ఉంది, బూడిద రంగు మాత్రం పోయింది. పైగా ఎవరు సబ్జెక్ట్ అన్నది కూడా బటనే తేలుస్తుంది. తల్లి చేతిలో పళ్ళెం ఉంటే ఆ పళ్ళెం ఆవిడలో భాగమా కాదా అన్న ప్రశ్న మన దాకా రానే రాదు.

బ్యాక్‌గ్రౌండ్‌కి మనం వాడే మాట నేపథ్యం. సంస్కృత నాటకంలో అది తెర వెనక చోటు, నటులు వేషం వేసుకునే గది. వేషానికి కూడా అదే పేరు. అంటే పాత్ర తయారై వచ్చేది నేపథ్యం నుంచి. నేపథ్య గానం అన్నప్పుడు ఆ అర్థం ఇంకా కాస్త మిగిలే ఉంది. తెర వెనక గొంతు లేకపోతే తెర మీది మనిషి పెదాలు ఆడించడమే అవుతుంది. ఇంగ్లీషు బ్యాక్‌గ్రౌండ్ అలా కాదు, వెనకాల పడి ఉన్న నేల అంతే. డిలీట్ కొట్టడానికి మనసు సులువుగా ఒప్పుకుంటుంది.

మన దగ్గరే దీనికి ఎదురు నిలబడే మాట కూడా ఉంది. కటౌట్. సినిమా హాళ్ళ ముందు హీరో బొమ్మ గీసి, అంచు వెంట కోసి, కర్రలు కట్టి నిలబెట్టేవారు. ఆ మాట తరవాత బొమ్మని వదిలి మనిషికి అంటుకుంది. "వాడి కటౌట్ చూశావా" అంటే వాడి ఒడ్డూ పొడుగూ చూశావా అని. వెనకాల ఊరూ ఇల్లూ ఏమీ లేకుండా, ఆకాశం తప్ప ఇంకేం లేకుండా నిలబడ్డ మనిషి కటౌట్. ఫ్లెక్సీలు వచ్చాక ఈ కటౌట్లన్నీ కంప్యూటర్లోకి దిగాయి. డిజైనర్ దగ్గర నాయకుల కటింగులు ముందే చేసి పెట్టి ఉంటాయి, నమస్కారం పెట్టేది ఒకటి, చెయ్యి ఊపేది ఒకటి. ఎవరి నీడా ఎవరి మీదా పడదు. ఎవరి కాళ్ళూ నేల మీద ఉండవు. ఎవరు ఎవరికన్నా ఎక్కువో బొమ్మ సైజులో చదువుకోవాలి. నాకు ఫ్లెక్సీ కళ మీద పెద్ద ఫిర్యాదు లేదు. వీళ్ళంతా నిజంగా ఒక చోట నిలబడి ఫోటో దిగారని ఎవరూ అనుకోరు. పెళ్ళి కరిజ్మా ఆల్బమ్‌లో వధూవరులు స్విస్ కొండల ముందు తేలుతుంటే, వాళ్ళు అక్కడికి వెళ్ళొచ్చారని చుట్టాలెవరూ మోసపోరు. అంచు మొరటుగా ఉంది కాబట్టే అది అబద్ధం కాకుండా పోయింది.

దండ వేసే పటాల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం మారుతుంది. మా నాయనమ్మ పోయినప్పుడు ఆవిడ ఒక్కతే ఉన్న ఫోటో ఇంట్లో లేదు. ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి ఉండదు, ఎవరి పెళ్ళిలోనో ఎవరి బారసాలలోనో పదిమంది మధ్యలో ఉంటారు. బాబాయి పెళ్ళి ఆల్బమ్‌లోంచి ఒక గ్రూప్ ఫోటో తీసి స్టూడియోకి ఇచ్చారు. అందులో నాయనమ్మ చంకలో ఏడాదిన్నర పిల్లాడున్నాడు. పటంలో బతికున్నవాళ్ళు ఉండకూడదు కదా, స్టూడియో అతను పిల్లాణ్ణి తీసేశాడు. పిల్లాడి తల అడ్డం వచ్చిన చోట చీర కొంగు గీసి నింపాడు. వెనక లేత నీలం పోశాడు. చేతులు కనపడకుండా గుండెల దాకా కత్తిరించాడు. పని శుభ్రంగా చేశాడు, జుట్టు దగ్గర కూడా. ఒక్కటే మిగిలింది. పటంలో ఆవిడ ఒళ్ళు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, మెడ ఇంకొకరి తలకి చోటిచ్చినట్టు వంగి ఉంటుంది. ఇంటికొచ్చిన ఒకాయన "పెద్దావిడకి మెడనొప్పి ఉండేదా?" అని అడిగారు. ఆ పిల్లాణ్ణి నేనే.

ఇది నన్ను చాలా కాలంగా ఆలోచింపజేస్తున్న విషయం. జుట్టు అంచున మిగిలే రంగు మరకని తీసెయ్యడానికి ఫోటోషాప్‌లో డీకంటామినేట్ కలర్స్ అని ఒక ఆప్షన్ ఉంది. ఆ పేరు చూడండి, నేపథ్యం ఇక్కడ మైల, కడిగెయ్యాలి. ఆకుపచ్చ తెర ముందు నిలబడ్డ నటుడి బుగ్గ మీద ఆ పచ్చ వెలుతురు పడుతుంది. సినిమావాళ్ళు స్పిల్ అంటారు. దాన్నీ చాలావరకు తగ్గించొచ్చు. పక్కన ఇంకొకరు ఉన్నందువల్ల ఒళ్ళు ఎలా సర్దుకుందన్నది మాత్రం అంచు మీద ఉండదు. అది మనిషి నడిమధ్యలో, ఆల్ఫా నిండుగా ఒకటి ఉన్నచోట ఉంటుంది. లెక్క ప్రకారం అక్కడ వంద శాతం ఆవిడే. అయినా ఆ వంగడం ఆవిడ ఒక్కదానిదీ కాదు.

మనుషుల్ని ఫోటోల్లోంచి తీసెయ్యడం అనగానే చాలామందికి స్టాలిన్ గుర్తొస్తాడు. న్యాయమే. 1937లో మాస్కో-వోల్గా కాలువ గట్టున తీసిన ఫోటోలో స్టాలిన్ పక్కన రహస్య పోలీసు అధిపతి యెజోవ్ ఉంటాడు. 1939లో అతన్ని అరెస్టు చేశారు, 1940లో చంపేశారు. ఆ తరవాత వచ్చిన ప్రతిలో అతనున్న చోట కాలువ నీళ్ళున్నాయి. డేవిడ్ కింగ్ ఏళ్ళ తరబడి పోగుచేసి 1997లో "ది కమిసార్ వానిషెస్" అనే పుస్తకంగా వేసిన బొమ్మల్లో బాగా పేరుపడ్డది ఇదే. మా ఊరి స్టూడియో అతనిదీ, ఆ రీటచింగ్ చేసినవాడిదీ ఒకే నైపుణ్యం. అందువల్ల రెండూ ఒకే పాపం అని వాదించేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. ఫోటోషాప్‌లో మనిషిని తీసెయ్యడానికి రెండు దారులుంటాయి. ఎరేజర్‌తో చెరిపితే కింద ఉన్నది పోతుంది. లేయర్ మాస్క్ వేస్తే కింద ఉన్నది అక్కడే ఉంటుంది, కనపడదంతే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరవొచ్చు. మా ఇంట్లో జరిగింది మాస్క్. పెళ్ళి ఆల్బమ్ ఇప్పటికీ బీరువాలో ఉంది, పటంలోంచి ఎవర్ని తీశారో ఇంట్లో అందరికీ తెలుసు. మాస్కోలో కావాల్సింది ఎరేజర్.

కింగ్ పుస్తకంలో నన్ను పట్టేసింది కాలువ ఫోటో కాదు. ప్రసిద్ధ డిజైనర్ అలెగ్జాండర్ రాద్చెంకో 1934లో ఉజ్బెకిస్తాన్ పదేళ్ళ సంబరం మీద ఒక ఆల్బమ్ డిజైన్ చేశాడు. కొన్నాళ్ళకి అందులోని నాయకులు చాలామంది ప్రక్షాళనల్లో పోయారు. అలాంటివాళ్ళ బొమ్మలు ఇంట్లో ఉండడమే ప్రమాదం. రాద్చెంకో తన సొంత ప్రతిలో, తను డిజైన్ చేసిన పేజీల మీద, ఒక్కో ముఖాన్నీ నల్ల ఇంకుతో పూసేశాడు. ఆ పేజీల్లో కోటు ఉంటుంది, మెడ ఉంటుంది, పేరు ఉంటుంది. ముఖం ఉండాల్సినచోట నల్లటి ముద్ద. ఒకే దేశం, ఒకే కాలం, రెండు రకాల కత్తిరింపులు. కాలువ ఫోటోలో నీళ్ళు ఎంత బాగా కుదిరాయంటే, అసలుది పక్కన పెట్టకపోతే అక్కడ ఒక మనిషి ఉండేవాడన్న అనుమానమే రాదు. రాద్చెంకో పేజీలో ఆ అనుమానం అక్కర్లేదు. భయంతో చేసిన ఆ మొరటు పని, తనేం తీసేసిందో తనే చెప్పేస్తోంది. నీట్‌గా ఉండడం అనే గుణాన్ని నేను అనుమానంగా చూడడం ఆ పేజీల దగ్గర మొదలైంది.

రిచర్డ్ అవెడాన్ కత్తెర ముట్టుకోకుండానే ఈ పని చేశాడు. టెక్సాస్‌లో ఫోర్ట్‌వర్త్ ఊళ్ళో ఉన్న ఆమన్ కార్టర్ మ్యూజియం కోసం 1979 నుంచి 1984 దాకా అమెరికా పడమటి రాష్ట్రాలు తిరిగాడు. గని కార్మికులు, చమురు బావుల్లో పనిచేసేవాళ్ళు, హోటళ్ళలో వడ్డించేవాళ్ళు, దేశదిమ్మరులు, మొత్తం 750 మందికి పైగా. పెద్ద తెల్ల కాగితాన్ని ఏ గోడకో ట్రక్కుకో అంటించేవాడు. మనిషిని నీడపట్టున దాని ముందు నిలబెట్టేవాడు. ఎనిమిది అంగుళాలకి పది అంగుళాల నెగటివ్ పడే పెద్ద కెమెరాతో తీసేవాడు. 1985లో "ఇన్ ది అమెరికన్ వెస్ట్" పేరుతో ప్రదర్శన, పుస్తకం వచ్చాయి. ఇక్కడ వెంట్రుకల సమస్యే లేదు. వెనక ఉన్నది ఎటూ తెలుపే. మనలో చాలామందికి ఇలాంటి తెలుపుతో మొదటి పరిచయం అమెరికా వీసా ఫోటో. గోడ ఉండకూడదు, నీడ ఉండకూడదు, నువ్వెక్కణ్ణుంచి వచ్చావో బొమ్మలో కనపడకూడదు. ఆఫీసుకి కావాల్సింది పోల్చుకోవడానికి ఒక ముఖం. అవెడాన్‌కి కావాల్సింది అంతకన్నా చాలా ఎక్కువ, వాడిన పరికరం మాత్రం అదే.

పుస్తకంలో ఒక కుర్రాడి ఫోటో ఉంది. పదమూడేళ్ళు, పాముల చర్మం ఒలిచే పని. పొడుగు జుట్టు, మూతి బిగించిన ముఖం, ముందుభాగమంతా నెత్తురు మరకలు. రెండు చేతుల్లో తల లేని త్రాచు లాంటి పెద్ద రాటిల్‌స్నేక్, పొట్ట చీల్చింది, పేగులు వేలాడుతున్నాయి. చూస్తే ఏదో పురాణంలోంచి దిగినట్టుంటాడు, చావుకీ బాల్యానికీ మధ్యలో ఎవరూ తోడులేకుండా నిలబడ్డ పిల్లాడు. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. కింద చిన్నక్షరాల్లో పేరు, వయసు, పని, ఊరు, తేదీ ఉంటాయి. స్వీట్‌వాటర్, టెక్సాస్, 1979 మార్చి 10.

ఆ ఊరూ ఆ నెలా కలిస్తే వచ్చేది ఒంటరితనం కాదు. స్వీట్‌వాటర్‌లో 1958 నుంచీ ఏటా మార్చిలో పాముల జాతర జరుగుతుంది. చుట్టుపక్కల పట్టిన రాటిల్‌స్నేక్‌లని తెచ్చి పోస్తారు, బరువు తూస్తారు, జనం ముందే చర్మం ఒలుస్తారు, మాంసం వేయించి అమ్ముతారు. అందాల పోటీ కూడా ఉంటుంది. అంటే ఆ నెత్తురు జాతర నెత్తురు. మన దగ్గర జాతరలో పొట్టేలు తల పట్టుకున్న కుర్రాణ్ణి తీసుకొచ్చి తెల్ల కాగితం ముందు నిలబెడితే ఎలా ఉంటాడో ఊహించండి. డప్పూ, జనం, మేనమామా, అన్నీ పోయి కుర్రాడూ కత్తీ మిగిలితే వాడు వేరే మనిషి అయిపోతాడు.

న్యూయార్క్ ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ వచ్చి పేదవాళ్ళని వాడుకున్నాడని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. అవెడాన్ దాచిందేమీ లేదు, పోర్ట్రెయిట్ అంటే వాస్తవం కాదు అభిప్రాయం అని ముందుమాటలో తనే చెప్పుకున్నాడు. అవి గొప్ప ఫోటోలు కావని నేననలేను. నా ప్రశ్న ఇంకొకటి. పుస్తకం మొత్తం చూశాక పశ్చిమ అమెరికా మనుషులు ఎంత ఒంటరివాళ్ళో అనిపిస్తుంది. ఆ ఒంటరితనంలో ఎంత భాగం మనుషులది, ఎంత భాగం కాగితానిది? అందరి వెనకా ఒకటే తెలుపు కాబట్టి పుస్తకం లోపల ఉండి దీనికి జవాబు చెప్పలేం. మూడు సమీకరణాలు, ఏడు తెలియని రాశులు. ఒక చిన్న పక్కమాట: ఇదే పుస్తకంలో ఒంటినిండా తేనెటీగలున్న గుండుతల మనిషి ఫోటో చాలామంది చూసే ఉంటారు. అది దారిలో తగిలిన దృశ్యం కాదు. తేనెటీగల పెంపకందార్ల పత్రికలో ప్రకటన ఇచ్చి మనిషిని ఎంచుకుని, రాణి ఈగ వాసన ఒంటికి రాసి ఈగల్ని రప్పించారు. ఆ బొమ్మలో జుట్టు సమస్య అసలు లేదు, ఎందుకంటే జుట్టే లేదు. పడమటి అమెరికా కూడా లేదు, తెల్ల కాగితం మీద తయారుచేసిన ఒక కల ఉంది. నాకు పుస్తకంలో అన్నిటికన్నా అదే నిజాయితీగల ఫోటో అనిపిస్తుంది.

తెలియని రాశుల చిక్కుకి ఇంజనీర్లు ఒక జవాబు కనిపెట్టారు. 1996లో సిగ్‌గ్రాఫ్ సదస్సులో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ కలిసి "బ్లూ స్క్రీన్ మ్యాటింగ్" అని ఒక పేపర్ ఇచ్చారు. అందులో మొదట చేసింది, ఒక్క నేపథ్యం ముందున్న వస్తువుని కచ్చితంగా వేరుచేయడం మామూలుగా కుదరదని నిరూపించడం. తరవాత ఇంకో మాట చెప్పారు. అదే వస్తువుని, కదపకుండా, మనకి ముందే తెలిసిన రెండు వేరువేరు నేపథ్యాల ముందు ఫోటో తీయండి. ఇప్పుడు సమీకరణాలు ఆరు, తెలియనివి నాలుగే. ఊహ అక్కర్లేదు. గాజు గ్లాసైనా, కుచ్చు ఈకైనా, ఎక్కడిది ఎవరిదో లెక్క తేలిపోతుంది. నేపథ్యం మారినప్పుడు మారినదంతా నేపథ్యానిది, మారకుండా నిలిచినదే వస్తువుది. హంసకి రెండు గిన్నెలు ఇచ్చారన్నమాట.

మనుషుల దగ్గర ఇది పనిచెయ్యదు. మనుషులు కదులుతారు. ఇంకో నేపథ్యం ముందు నిలబెట్టగానే ఇంకోలా నిలబడతారు. అందుకే ఈ పద్ధతి బొమ్మలకీ పాత్రలకీ వాడతారు, పెళ్ళికూతుళ్ళకి వాడరు. విమర్శకి మాత్రం ఇది బాగా పనికొచ్చే పద్ధతని నా నమ్మకం.

సాహిత్యంలో నేపథ్యం తీసేసే ప్రయోగం పేరుమోసినది ఒకటుంది. ఐ. ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవి పేరూ కాలమూ తీసేసి పద్యాలు పంచి, చదివి ఏమనిపించిందో రాయమన్నాడు. ఆ జవాబుల మీద 1929లో "ప్రాక్టికల్ క్రిటిసిజమ్" రాశాడు. డన్, హాప్కిన్స్ లాంటివాళ్ళ పద్యాలని కొట్టిపారేసినవాళ్ళూ, పేరులేని మామూలు పద్యాలని నెత్తిన పెట్టుకున్నవాళ్ళూ అందులో కనిపిస్తారు. కవి ఎవరో తెలియకపోతే చదవడం రాదన్నమాట అని నవ్వుకోవడానికి ఆ పుస్తకాన్ని వాడతారు కొందరు. తెలుగులో పద్యాన్ని పద్యంగానే చూడాలి అనేవాళ్ళు ఒక వైపు, కవి కులమూ ఊరూ ఉద్యమమూ లేకుండా ఒక్క పాదం కూడా చదవకూడదనేవాళ్ళు ఇంకో వైపు, ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం. ఇద్దరి చేతిలోనూ ఒక్కో గిన్నే ఉంది. రిచర్డ్స్ పుస్తకం చివర అనుబంధంలో ఆ పద్యాలు ఎవరివో ఇచ్చాడు. అక్కడి దాకా చదివి, పేరు తెలుసుకుని, మళ్ళీ వెనక్కొచ్చి అదే పద్యం చదివితే ఏది మారిందో, ఏది మారలేదో ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది.

అవెడాన్ విషయంలో రెండో గిన్నె 2003లో దొరికింది. ఆ ఐదారేళ్ళూ ఆయన వెంట తిరిగి మనుషుల్ని వెతికిపెట్టిన లారా విల్సన్ "అవెడాన్ ఎట్ వర్క్" అనే పుస్తకం వేసింది. పని జరుగుతున్నప్పుడు ఆమె పక్క నుంచి తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. కళాఖండాలు కావు, అలా అని ఆమె కూడా అనుకోలేదు. కాని వాటిల్లో తెల్ల కాగితానికి అంచులున్నాయి. అంటించిన గోడ కనపడుతుంది, చుట్టూ జనం కనపడతారు, ఫోటో దిగుతున్న మనిషికి ఎదురుగా కెమెరా పక్కనే నిలబడి మాట్లాడుతున్న అవెడాన్ కనపడతాడు. పెద్ద పుస్తకంలో మనల్ని చూస్తున్నట్టు అనిపించిన చూపు ఎవరివైపుదో అక్కడ తెలుస్తుంది.

రెండూ దొరికితే ముందు అవెడాన్‌దే చూడండి, కింద చిన్నక్షరాలు చదవకుండా. తరవాత విల్సన్‌ది. ఆ తరవాత మళ్ళీ స్వీట్‌వాటర్ కుర్రాడి దగ్గరికి రండి. జాతర గురించి తెలిశాక నాకు ఆ ఫోటోలో నెత్తురు తగ్గింది, పాము చిన్నదైంది, పురాణం పోయింది. ఆ బిగించిన మూతి మాత్రం అలాగే ఉంది.